అమ్మ లెక్కపెట్టమన్న పడవలు

నరసరావుపేట కంటి ఆసుపత్రిలో గోడకి తగిలించిన అట్ట మీద అక్షరాలు చదవమన్నారు. పై వరసలో పెద్దక్షరం ఒక్కటే ఉంది, చదివాను. రెండో వరస కూడా ఎలాగో లాగించాను. మూడో వరస దగ్గర ఆగిపోయాను. నా మనవరాలు ఒకటో తరగతి. చదువొచ్చిన గర్వం ఇంకా దిగలేదు. పక్క స్టూలు మీద నుంచి నా చెయ్యి పట్టుకుని, చెవిలో "మ, అమ్మమ్మా. తర్వాత ల" అంది. నేను దర్జాగా "మ, ల" అన్నాను.

పరీక్ష చేస్తున్న అమ్మాయి పెన్ను ఆపింది. "పాపా, నువ్వు చెప్పకూడదమ్మా. నువ్వు చెప్తే అమ్మమ్మకి ఏం కనపడతందో, ఏం కనపడట్లేదో మాకెట్లా తెలుస్తది?" అని నవ్వింది. బల్లల మీద వరసగా కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కళ్లు అలిసినట్టున్నాయి, కాసేపు మూసుకుని కూర్చోండి, మళ్లీ చూద్దాం అందా అమ్మాయి. గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాను.

నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారే, తొమ్మిదేళ్లప్పుడు. తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు రమ్మన్నా పోలేదు. నీళ్లంటే భయం అని చెబుతుంటాను. నమ్ముతారు.

అప్పట్లో మేం పిడుగురాళ్ల బయట సున్నపు బట్టీల పక్కన ఉండేవాళ్లం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. అక్కడ ఆకులు తెల్లగా ఉండేవి, ఇళ్ల కప్పులు తెల్లగా ఉండేవి, గేదెలు కూడా వానాకాలంలోనే నల్లగా కనపడేవి. సున్నపు రాయికి నీళ్లు తగిలితే పొంగుతుంది, ఒళ్లు కాలుతుంది. అందుకని పని నుంచి వచ్చినవాళ్లు ముందు పొడిగుడ్డతో దులుపుకుని, కొబ్బరినూనె పట్టించుకుని, అప్పుడే స్నానానికి లేవాలి. సాయంత్రమైతే మా వీధి వీధంతా కొబ్బరినూనె వాసన, బొగ్గు పొగ, పక్కింట్లో కాలుతున్న జొన్నరొట్టె వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎవరైనా తలకి నూనె రాస్తుంటే నాకు రొట్టె మీదికి మనసు పోతుంది.

బట్టీ అంటే నిలువుగా కట్టిన పెద్ద గొట్టం. పైన నోరు, కింద తలుపు. ఏటవాలు దారి మీదుగా రాయి, బొగ్గు గంపలతో మోసుకొచ్చి పైనుంచి పొరలు పొరలుగా పోస్తారు. లోపల కాలి కాలి సున్నమై కింది తలుపు దగ్గర బయటికొస్తుంది. నాన్న పని పైన. బట్టీ నోటి చుట్టూ ఉన్న గట్టు మీద నడుస్తూ, రాళ్ల సందుల్లో మంట రంగు చూసి, ఎక్కడ మందగించింది, ఎక్కడ మితిమీరింది, ఎక్కడ బొగ్గు పడాలి అని చెప్పాలి. ఎరుపు చాలదు, తెలుపు పనికిరాదు, ఆ రెంటి మధ్య ఏదో రంగు ఉంటుందట. అది నాన్నకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదని యజమాని కూడా ఒప్పుకునేవాడు. అందరూ నాన్నని పైమేస్త్రి అనేవాళ్లు. ఆ పిలుపు విన్నప్పుడల్లా మా నాయనమ్మ తమలపాకు నమలడం ఆపి, చుట్టూ ఎవరెవరు విన్నారో చూసుకునేది.

నేను కారియరు పట్టుకెళ్లినప్పుడు కాసేపు ఏటవాలు దారి పైకొసన నాన్న పక్కన కూర్చోనిచ్చేవాడు. అక్కడ మా ఇద్దరికీ ఒక ఆట. ఎన్ని బొగ్గు గంపలు పైకొచ్చాయో నేను లెక్కపెట్టి, నాన్న అరచేతిలో అన్నిసార్లు వేలితో నొక్కాలి. గోలలో మాటలు వినపడవు కాబట్టి అలా మొదలైంది. నా లెక్క సరిపోతే తన డబ్బాలోంచి బెల్లం ముక్క తీసిచ్చేవాడు. తప్పినా ఇచ్చేవాడనుకోండి.

ఆ ఏడాది నాన్నలో అమ్మ ఏదో కనిపెట్టింది. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతూ పక్కన చెయ్యి పెట్టేవాడు. మాపటేళ వాకిట్లో మేకపిల్ల మీద కాలేశాడు. అడిగితే పొగ అనేవాడు, దుమ్ము అనేవాడు, నిద్ర చాల్లేదనేవాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే మాత్రం మండిపడేవాడు. కంటికి వైద్యం చేయించుకుంటున్నాడని తెలిస్తే పైనుంచి దించేస్తారు. కింద తలుపు దగ్గర కాలని రాళ్లు ఏరే పనిలో కూర్చోబెడతారు. నాన్నకి అది చావుతో సమానం. అమ్మకేమో గట్టు మీద నడిచే మనిషికి కళ్లు ఉన్నాయో లేవో తెలియకుండా పొద్దుగడవడమే చావుగా ఉండేది.

ఇంట్లో పరీక్షించాలంటే కుదిరేది కాదు. గుమ్మం ఎక్కడుందో, కుండ ఎక్కడుందో, ఎన్ని అడుగులకి వేపచెట్టు తగులుతుందో అన్నీ నాన్న ఒంటికి తెలుసు. కళ్లతో పనిలేదు. నాన్నకి ఏమీ తెలియని చోటు కావాలి అమ్మకి. గోడలు, చెట్లు, మనుషులు ఏవీ అలవాటు లేని చోటు. అది సముద్రం తప్ప ఇంకేముంటుంది? ఈ సంగతి అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను. తెలియకుండా నేను చేసిన పని మీరైనా తెలిసి వినాలి.

కార్తీకపు స్నానాల జనం తగ్గాక, బట్టీ చల్లార్చారు. లోపలి ఇటుకలన్నీ మంటకి అరిగిపోయాయి, మళ్లీ కట్టాలి. నాన్నకి కొన్నాళ్లు పనిలేదు. అప్పుడు అమ్మ సముద్రం చూద్దామంది. పెళ్లయిన నాటి నుంచి పసుపుకుంకాలకి తప్ప నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. నాన్న ఆశ్చర్యపోయి సరేనన్నాడు. నాయనమ్మ మాత్రం రెండ్రోజులు గొణిగింది. ఉప్పునీళ్లు చూడటానికి అంత దూరం పోవాలా, ఇంట్లో ఉప్పు లేదా, నీళ్లు లేవా అని. తీరా బయల్దేరే రోజు అందరికంటే ముందు ముస్తాబై గడప మీద కూర్చుంది.

రైల్లో గుంటూరు దాకా, అక్కడి నుంచి ఇంకో రైల్లో బాపట్ల. అమ్మ పులిహోర కట్టింది. జొన్నరొట్టెలు, గోంగూర, ఎండుమిరపకాయల కారం ఉన్నాయి. ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలాయనకి నాయనమ్మ రొట్టె పెట్టి, మావాడు పైమేస్త్రి అని చెప్పింది. పాపం ఆయనకి అదేమిటో తెలియక ఎందుకైనా మంచిదని చేతులు జోడించాడు. కిటికీ దగ్గర నేను, నా పక్కన నాన్న. బయట కనపడేవన్నీ నాకే చెప్పమనేవాడు. అదేంది, ఇదేంది అని అడుగుతుంటే నాకెంత పెద్దరికం వచ్చిందో చెప్పలేను. అరుస్తూ చెప్పాను. వాగుడాపమని అమ్మ రెండుసార్లు కసిరింది. నాన్నతో ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చోవాలని ఉందేమో అనుకున్నాను.

బాపట్లలో సత్రంలో దిగాం. అక్కడి నుంచి సూర్యలంకకి బస్సు. ఆ రోజుల్లో ఇసక, సరుగుడు చెట్లు, పాకల్లో నాలుగు బజ్జీల కొట్లు. సముద్రం ఇంకా కనపడకముందే చప్పుడు వినపడింది. నాన్న ఆగిపోయాడు. తల కొంచెం వంచి విని, సున్నం పొంగే చప్పుడే గదే ఇది అన్నాడు అమ్మతో. నీళ్లు పోసిన సున్నపు గుంట దగ్గర నిలబడితే అచ్చం అలాగే ఉంటుంది, నిజమే. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. నాన్న ఒక్కడు వింటూ నిలబడ్డాడు. ఆ తేడా నాకు అప్పుడు తోచలేదు.

నీళ్లలో దిగేముందు నాన్న ఇంటి పద్ధతి వదల్లేదు. నలుగుర్నీ ఇసకలో వరసగా కూర్చోబెట్టి, పొడిగుడ్డతో దులిపించి, సీసా తీసి ఒళ్లంతా కొబ్బరినూనె రాయించాడు. బట్టీ వాళ్లం, ఏ చర్మపు మడతలో ఏ పొడి ఉందో, ఇన్ని నీళ్లు ఒక్కసారి తగిలితే ఏమవుతుందో అని భయం. చుట్టూ స్నానాలు చేస్తున్నవాళ్లు ఇదేదో మొక్కు అనుకుని మర్యాదగా పక్కకి జరిగారు. నూనె మీద ఇసక అంటుకుని నలుగురం అప్పడాలకి పిండి అద్దినట్టు తయారయ్యాం. నాయనమ్మ దోసిలితో నీళ్లు తీసుకుని నాలిక్కి తగిలించుకుని, ఉమ్మేసి, నిజమేనే అంది. అప్పటిదాకా ఎవరో అబద్ధం చెబుతున్నారనే అనుకుందట.

తర్వాత ఆవిడకి గవ్వలు కనపడ్డాయి. కాలిస్తే గుల్లసున్నం అవుతాయి, తమలపాకులోకి అంతకంటే మెత్తని సున్నం లేదు. "ఇంత సున్నం ఇసకలో ఊరకే పడుంటే, కొండలు పగలగొట్టుకుంటన్నారేందిరా మీరు?" అని నాన్నని కేకలేసింది. మూడు రోజులూ ఆవిడ సముద్రం వైపు చూసింది తక్కువ. కొంగు నిండా గుల్లలు ఏరుకోవడమే పని.

ఆ మొదటి సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే అమ్మ నాన్నని నీళ్లకెదురుగా కూర్చోబెట్టింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లంలో పెట్టుకుని నేను నాన్న పక్కన చేరాను. దూరంగా పడవలు ఉన్నాయి. అమ్మ కాయలు ఒలుస్తూ, ఏదో ఊసుపోకకి అడిగినట్టు అడిగింది.

"ఏమయ్యా, ఆ పడవలు ఎన్నున్నయ్యో చెప్పు."

నాన్న నవ్వాడు. పడవలతో నీకేం పనే, చేపలు కొంటావా అన్నాడు. అమ్మ నవ్వలేదు, చెప్పమంది. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి తెరిచి నా వేళ్ల కింద పెట్టాడు. నాకెంత సంతోషమైందో. బట్టీ మీది ఆట ఇక్కడ కూడా. అందులోనూ అమ్మకి తెలియని ఆట. మూడు పడవలు. మూడుసార్లు నొక్కాను.

"మూడు," అన్నాడు నాన్న.

అమ్మ ఒలుస్తున్న కాయ ఆపి నాన్న ముఖంలోకి చూసింది. మళ్లీ పడవల వైపు చూసింది. కాయలు ఒలవడంలో పడింది. నేను నోరు మూసుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. పొట్లంలో మిగిలిన కాయలన్నీ నాన్న నాకే ఇచ్చాడు.

మర్నాడు అమ్మ ఇంకో ప్రశ్న వేసింది. వలలు దులుపుతున్న చోటికి ఒక పడవ దగ్గరగా వస్తోంది. ఆ తెరచాప ఏం రంగు అని అడిగింది. రంగుని వేలితో నొక్కడం ఎలాగ? నాన్న అరచెయ్యి తెరిచి ఉంది, చెమట పట్టి ఉంది. బెల్లం ముక్క పోతుందేమోనన్నంత కంగారు నాకు. "నాన్నా, నాకా పచ్చ తెరచాప గుడ్డతో గౌను కుట్టించవా?" అన్నాను గట్టిగా. నోరు ముయ్యవే అని అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. అమ్మ చెయ్యి చేసుకోవడం అరుదు. నాన్న నన్ను దగ్గరికి లాక్కుని, పచ్చగుడ్డేగా, కుట్టిద్దాంలే అన్నాడు.

మూడో రోజు ఆఖరు. ఈసారి అమ్మ తెలివిగా నన్ను బజ్జీల కొట్టుకి పంపింది. నేను బజ్జీలు పట్టుకుని వస్తుంటే దూరం నుంచే వినపడింది, అత్తమ్మ ఎక్కడుందో చూపించు, భోజనానికి పిలవాలి అంటోంది నాన్నతో. ఒడ్డు పొడవునా చాలామంది ఆడవాళ్లు ఉన్నారు. నాన్న నెమ్మదిగా తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. నాయనమ్మ ఎడమ పక్క, చాలా దూరంలో గుల్లలు ఏరుతోంది. అప్పటికి నాకు ఇది ఉత్త ఆట కాదని తెలుసా? తెలుసు. పూర్తిగా కాదు, కానీ తెలుసు. నాన్న భయపడుతున్నాడని తెలుసు. ఎందుకో తెలియకపోయినా నాన్న భయపడటం నాకు ఇష్టం లేదు. వాళ్ల వెనక నుంచి "నాయనమ్మా, బజ్జీలు" అని అరుస్తూ ఆవిడ వైపు పరిగెత్తాను. నాన్న నా గొంతు పోయిన వైపు చెయ్యి చాపి, అదుగో అన్నాడు.

అప్పుడు అమ్మ చేసిన పని నాకు జీవితాంతం గుర్తుంటుంది. పెద్దగా ఊపిరి వదిలింది. నవ్వింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, ఒక్కతే నీళ్లలోకి నడిచింది. అల వచ్చి తోస్తే కూలబడి, లేచి, మళ్లీ నవ్వింది. రమ్మని నన్ను పిలిచింది. మేమిద్దరం సాయంత్రం దాకా నీళ్లలోనే ఉన్నాం. నా బుగ్గలు పట్టుకుని ముద్దులు పెట్టింది, ఉప్పగా ఉన్నాయవి. నిన్న కొట్టిన చోట నొప్పెడుతోందా అని వీపు తడిమింది. అమ్మ అంత తేలిగ్గా ఉండటం అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

తిరుగు రైల్లో అమ్మ నిద్రపోయింది. నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవి దగ్గర చెప్పాడు. "మన ఆట సంగతి అమ్మకి చెప్పమాక. బట్టీ మీద నాకు కళ్లతో పనిలేదమ్మా. ఆ గట్టు నా కాళ్లకి తెలుసు. మంట సెగ ముఖానికి తెలుసు." నేను చెప్పనని ఒట్టేశాను. నాన్న చెప్పినది నిజమే కూడా. అన్నేళ్ల నుంచి ఎన్ని అడుగులకి మలుపు, ఎక్కడ రాయి ఎత్తు, ఎక్కడ పల్లం అన్నీ ఆయన కాళ్లకి తెలుసు.

కానీ మేం సముద్రం దగ్గర ఉన్నప్పుడు ఇక్కడ బట్టీ కట్టారు. లోపల ఇటుక మార్చినప్పుడు పని సులువవుతుందని నోరు కొంచెం వెడల్పు చేశారు. ఎంతో కాదు, జానెడు. గట్టు ఆ మేరకి సన్నబడింది. అందరూ చూశారు, అందరికీ కనపడింది. మేస్త్రికి వేరే చెప్పాలని ఎవరికి తోస్తుంది?

మళ్లీ నిప్పు వేసిన వారం లోపే జరిగింది. పట్టపగలు. నాన్న పాత గట్టు మీద నడిచాడు. కుడికాలు బట్టీ నోట్లోకి దిగింది. పక్కనున్నవాళ్లు భుజాలు పట్టి లాగారు కాబట్టి మనిషి దక్కాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. అక్కడే ఒక డాక్టరు టార్చి వేసి కళ్లు కూడా చూసి, ఈయనకి చూపు తగ్గి ఏడాది పైనే అయుంటుంది, మీ ఇంట్లోవాళ్లు కనిపెట్టలేదా అని అడిగాడు.

అమ్మకి ఆ మాట తలకెక్కలేదు. "మొన్ననే సముద్రం కాడ బాగా చెప్పాడండీ. పడవలు గూడా లెక్కపెట్టాడు," అంది. డాక్టరు వెళ్లిపోయినా నర్సుతో అంది, పక్క మంచం వాళ్లతో అంది. అలా అంటూ అంటూ ఒకసారి ఆగింది. మంచం కోడు పట్టుకుని నిలబడ్డ నా వైపు తిరిగి చూసింది. నా చేతుల వైపు చూసింది. నేను రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాను. అమ్మ అటు తిరిగి చెంగుతో నాన్న మొహం తుడిచే పనిలో పడింది.

ఆ తర్వాత నాన్న వాకిట్లో నులకమంచం మీద చాలా ఏళ్లు బతికాడు. బట్టీకి అమ్మ పోయేది, కింద తలుపు దగ్గర కాలని రాళ్లు ఏరేది, నాన్న చేయనన్న పని. సాయంత్రం వచ్చి దులుపుకుని, నూనె రాసుకుని స్నానం చేసి రొట్టెలు కాల్చేది. నాయనమ్మ తెచ్చుకున్న గుల్లలు కాల్చిన సున్నం కొన్నాళ్లు వచ్చింది. నాకు నాన్న అరచేతిలో నొక్కే ఆట అంటే అసహ్యం వేసింది. నాన్న చెయ్యి చాపితే ఏదో పనున్నట్టు లేచిపోయేదాన్ని. అది ఇంకో తప్పు. అప్పుడైనా ఆ చెయ్యి పట్టుకుని ఉండాల్సింది.

నాన్న పోయి ఎన్నో ఏళ్లయ్యాక, అమ్మ ముసలిదయ్యాక, ఒక మధ్యాహ్నం నా చేత తలకి నూనె రాయించుకుంటూ ఆ మాట తనే ఎత్తింది. సముద్రానికి ఎందుకు తీసుకెళ్లిందో అప్పుడు చెప్పింది. ఆయన చెప్పలేకపోతే మర్నాడే యజమాని కాళ్లు పట్టుకుని కిందికి దింపిద్దామనుకుందట. నా చేతులు ఆమె తల మీద ఆగిపోయాయి. చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ వెనక్కి తిరగలేదు.

"నాకు ఆసుపత్రిలోనే తెలుసులేవే," అంది. "చిన్నపిల్లవి. నాన్నని గెలిపిద్దామనుకున్నావు. నేను గూడా ఆయన గెలవాలనే అడిగాను. చెప్పినోణ్ణి నమ్మేసి నీళ్లలో దిగా."

నూనె రాయవే, ఆగావేంది అంది. రాశాను. అంతకంటే ఏం చేయగలను?

ఆసుపత్రిలో ఆ అమ్మాయి మళ్లీ పిలిచింది. అట్ట మార్చి, ఎడమ కన్ను మూసుకుని మూడో వరస చదవమంది. మనవరాలు స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఈసారి నోరు మెదపలేదు, బుద్ధిమంతురాలు. నా చెయ్యి మాత్రం పట్టుకుని, అరచేతిలో మెల్లగా వేలితో ఏదో రాయడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు దానికి. మొదటి అక్షరం తలకట్టు దాకా నాకు తెలుస్తూనే ఉంది.

చెయ్యి విడిపించుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. "కనపడట్లేదమ్మా," అన్నాను. మనవరాలు నన్ను ఓడగొట్టినట్టు చిన్నబుచ్చుకుని చూసింది. పరీక్ష చేస్తున్న అమ్మాయి "మంచిదండీ" అని, కాగితం మీద రాసుకుంది.